తడి పత్తి

బోరెం సంచిలో చెయ్యి పెడితే చాలు, నీళ్లు చల్లిన పత్తి ఏదో అంకారావుకు తెలిసిపోతుంది. తడిపితే తూకం పెరుగుతుంది, నాలుగు రోజులకు లోపల మగ్గిపోతుంది. నరసరావుపేటలో ముప్పై ఏళ్లుగా అలాంటి సరుకును తన కొట్టు గుమ్మం ఎక్కనివ్వలేదు.

ఆస్పత్రిలో స్కానింగ్ కాగితం చూసి డాక్టరమ్మ అతని భార్య రాజరత్నాన్ని అడిగింది. "హెచ్ఐవీ అదుపులోనే ఉంది. లివర్‌కి కొవ్వు పట్టింది, గట్టిపడటం కూడా మొదలైంది. మందులతో కొంత ఒళ్లు వస్తుంది గానీ, ఇంతా? ఏం తింటున్నారమ్మా?"

"నోరు కట్టుకోవడం నాకు చేతకాదమ్మా" అంది రాజరత్నం.

అంకారావు తల వంచుకున్నాడు. పన్నెండేళ్ల కిందట తన జబ్బే ఆమెకూ అంటిందని తేలింది. ఆ వారమే బజారులో ఎవరో చిక్కిపోతే, ఆ జబ్బేనని నలుగురూ చెవులు కొరుక్కున్నారు. అప్పటి నుంచి పూటకు రెండు గరిటెల నెయ్యి తన చేత్తోనే వడ్డించాడు. వద్దంటే కసిరాడు. "ఎండిపోతే ఊరు పసిగడతదే. తిను." ఆమె నిండుగా కనబడినన్నాళ్లూ కొట్టు పేరు నిలిచింది. అదంతా ఆమె కోసమేనని తనకు తాను చెప్పుకున్నాడు.

వరండాలోకి వచ్చాక అడిగాడు. "నా పేరు చెప్పొచ్చుగా?"

"ఏమని? మా ఆయన పత్తికి నీళ్లు చల్లడు గానీ, పెళ్లానికి నెయ్యి పోస్తాడనా?"

ఆమె నవ్వింది. అతను వెనక్కి వెళ్లి డాక్టరమ్మ ముందు నిలబడ్డాడు. "తను తినలేదమ్మా. నేను తినిపించా."

"అయితే మీరే మాన్పించండి. రోజూ నడిపించండి. మాత్రలు మాత్రం ఆపొద్దు."

నాలుగు నెలల తర్వాత ఒక ఉదయం, నడకలో ఉన్న ఇద్దరినీ పక్కకొట్టు నాగేశ్వరరావు ఆపాడు. "ఏంది బావా, మా చెల్లెమ్మ సగమైంది? ఒంట్లో బాగాలేదా ఏంది?"

పన్నెండేళ్లుగా భయపడిన ప్రశ్న అదే. రాజరత్నం అతని మొహం వైపు చూసింది.

"లివర్‌కి కొవ్వు పట్టింది బావా. నేను పోసిన నెయ్యే. తగ్గమన్నారు."

"పెళ్లాన్ని మేపి ఆస్పత్రికి తోలినోణ్ణి నిన్ను తప్ప ఇంకోణ్ణి చూళ్లేదు."

నాగేశ్వరరావు నవ్వుకుంటూ పోయాడు. అంకారావు చెప్పింది సగమే. మిగతా సగం, ఆ జబ్బు మాట, దాచుకున్నాడు.

కొంచెం దూరం నడిచాక రాజరత్నం మెల్లగా అంది. "జాకెట్లన్నీ వదులైనయ్యండీ. బజారులో టైలర్‌కి ఇవ్వనా, ఎవరికీ తెలియకుండా ఇంట్లోనే కుట్టు వేసుకోనా?"

ఇంకా తన అనుమతే అడుగుతోంది. అతను ఆమె వైపు చూడలేకపోయాడు.

"టైలర్‌కే ఇద్దాం. నేనూ వస్తా" అన్నాడు.