ఎవరికీ చెప్పనన్న మాట

మగపిల్లల బడిలో డ్రిల్లు మాస్టారికి ఆ ఏడు కొత్త బాధ్యత ఒకటి అంటగట్టారు. ఒక్కో ఉపాధ్యాయుడు పన్నెండు మంది పిల్లల మంచిచెడ్డలు కనిపెట్టుకుని ఉండాలి. వారానికోసారి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి మాట్లాడాలి. ఆయనకు కూర్చోవడమే చేతకాదు. ఆటసామాను గదిలో రెండు కుర్చీలు వేసి, తాను మాత్రం అటూ ఇటూ తిరుగుతూ, "ఏరా, అంతా బాగానే ఉందా?" అని అడిగేవారు. "బాగానే ఉంది సార్" అనేవాళ్లు పిల్లలు. అక్కడితో అయిపోయేది.

తొమ్మిదో తరగతి బొంగరం విషయంలో అలా అయిపోలేదు. ఒకచోట నిలవడని తోటిపిల్లలు పెట్టిన పేరది. అలాంటివాడు రెండు వారాలుగా మొదటి పీరియడు అయ్యాక గానీ రావడం లేదు. ఒకరోజు సైకిలు పంక్చరంటాడు, ఇంకోరోజు కడుపునొప్పంటాడు. పిలిస్తే ఉలిక్కిపడుతున్నాడని లెక్కల మేడమ్ చెప్పింది. ఆరోజు కూడా ఆలస్యంగా వస్తే మాస్టారు గదికి పిలిచారు.

"ఇవాళేంట్రా, మళ్లీ పంక్చరేనా?"

వాడు లేచి వెళ్లి తలుపు దగ్గరికేసి వచ్చాడు.

"ఎవరికీ చెప్పనంటేనే చెబుతా సార్."

"చెప్పనులే."

"ఒట్టు?"

"ఒట్టురా బాబూ, చెప్పు."

ఏ బ్యాటు విరగ్గొట్టిన సంగతో అయి ఉంటుందనుకుని, అంత తేలిగ్గా అనేశారు.

"మా నాన్న పనిచేసే మిల్లు మూసేశారు సార్. అమ్మకి తెలీదు. నాన్న పొద్దున్నే అన్నం డబ్బా పట్టుకుని పనికెళ్తున్నట్టే బయల్దేరతారు. కాలవ గట్టున కూర్చుంటారు. నేను కనపడకుండా వెనకాల వెళ్తున్నా."

"నువ్వెందుకురా వెళ్లడం?"

వాడు కుర్చీ అంచు గోటితో గీకాడు. "నిన్న వంతెన మీద చాలాసేపు నిలబడ్డారు సార్. చెప్పులు విప్పి పక్కన పెట్టారు. నేను దూరం నుంచే సైకిలు బెల్లు గట్టిగా కొట్టా. ఎవరో వస్తున్నారనుకుని మళ్లీ తొడుక్కున్నారు." "ఇవాళ పరీక్ష ఉందని నాన్నని వదిలేసి వచ్చా."

మాస్టారు తిరగడం ఆపి రెండో కుర్చీలో కూర్చున్నారు.

"ఇది నేనొక్కణ్నే కడుపులో దాచుకునే విషయం కాదురా. ఒట్టేసి తప్పు చేశాను. హెడ్‌మాస్టారికి చెబుతా, మీ అమ్మకీ చెప్పాలి. నీ వెనకాల చెయ్యకూడదని ముందు నీకే చెబుతున్నా."

"ఒట్టేశారు కదా సార్!"

"వేశాను."

"నాన్న పరువు పోతుంది. మీకు చెప్పడమే నా బుద్ధితక్కువ." వాడు లేచి తన కుర్చీని ఒక్క తన్ను తన్నాడు. అది గోడకి కొట్టుకుని పడింది.

వాణ్ని లెక్కల మేడమ్ పక్కన కూర్చోబెట్టి, హెడ్‌మాస్టారి గది గుమ్మంలో నిలబడే నాలుగు మాటల్లో సంగతి చెప్పారు. "వాళ్లమ్మకి నేను ఫోన్ చేసి ఆస్పత్రికి రమ్మంటా. మీరు బయల్దేరండి" అన్నారాయన.

స్కూటరు నాలుగు తన్నులకి గానీ కదల్లేదు. కూడలి దగ్గర ఎర్రదీపం. మాస్టారు హ్యాండిలు మీద వేళ్లతో దరువేస్తూ, నిమిషానికి మూడుసార్లు గడియారం చూసుకున్నారు. తీరా వెళ్లేసరికి గట్టు మీద ఎవరూ లేరు. వంతెన మీదా లేరు. రెయిలింగు పట్టుకుని కిందకి చూడాలంటే ఆయనకు మనసొప్పలేదు. చూశారు. అవతలి ఒడ్డు మెట్ల మీద, ఇస్త్రీ చొక్కాలో, విప్పని డబ్బా ఒళ్లో పెట్టుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు.

మాస్టారు దిగి వెళ్లి పక్కమెట్టు మీద కూర్చున్నారు. "మీవాడి డ్రిల్లు మాస్టార్నండీ."

ఆ మనిషి గబుక్కున లేచాడు. "వాడికేమైంది?"

"వాడు బాగానే ఉన్నాడు. మీ గురించే భయపడుతున్నాడు. రెండు వారాలుగా రోజూ మీ వెనకాలే వస్తున్నాడు. నిన్న వంతెన దగ్గర బెల్లు కొట్టింది వాడే."

తండ్రి కూలబడ్డాడు. అడగడానికి భయమేసింది మాస్టారికి. అయినా సూటిగానే అడిగారు.

"చచ్చిపోదామనుకుంటున్నారా?"

"పొద్దున బయల్దేరేటప్పుడు అనుకోనండీ." చేత్తో మొహం తుడుచుకున్నాడు. "పగలు గడవదు. ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలీదు."

"ఇంటికి తర్వాత వెళ్దురుగాని. ముందు డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేనూ వస్తా. మీ ఆవిడా అక్కడికే వస్తుంది."

"దానికి చెప్పేశారా?"

"చెప్పేశాం."

కోప్పడతాడేమో అనుకున్నారు. అతను మాత్రం పెద్ద బరువు దింపుకున్నవాడిలా ఊపిరి వదిలాడు.

ఆస్పత్రి వరండాలో బొంగరం తల్లి, భర్త భుజం మీద పిడికిలితో రెండు దెబ్బలు వేసింది. "మిల్లు పోతే పోయింది. నువ్వెక్కడికి పోదామనుకున్నావయ్యా?" అని, అందరి ముందే అతని చెయ్యి పట్టుకుని బావురుమంది. ఆ సాయంత్రమే డాక్టరు అతన్ని ఆస్పత్రిలో చేర్చుకున్నాడు.

ఆ తర్వాత ఎవరైనా పిల్లవాడు తలుపు దగ్గరికేస్తే మాస్టారు ముందే చెప్పేవారు: "నువ్వు చెప్పింది ఊరంతా చాటను. కానీ ఎవరికీ చెప్పనని మాత్రం అననురా." కొందరు ఆ మాట విని లేచి వెళ్లిపోయేవారు. ఆరోజంతా ఆయనకు అన్నం సయించేది కాదు.

బొంగరం నెల్లాళ్లు ఆయనతో మాట్లాడలేదు. వరండాలో ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. సెలవులు అయ్యాక ఒకరోజు కాగితం పట్టుకొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. తనను లెక్కల మేడమ్ దగ్గరికి మార్చమని రాసుకున్నాడు.

"కోపం పోలేదా?"

"కోపం కాదు సార్. ఈ గదిలోకొస్తే ఆ రోజే గుర్తొస్తుంది."

"నాన్న ఎలా ఉన్నారు?"

"గోదాములో పనికెళ్తున్నారు. నిద్ర సరిగా పట్టదు. మొన్న మళ్లీ..." వాడు ఆగాడు. "మేడమ్‌కి చెబుతాలెండి."

"ఇవాళే చెప్పు."

"ఇవాళే సార్."

మాస్టారు సంతకం పెట్టారు. వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మేడమ్ గది వైపు పరుగున వెళ్లాడు. తలుపు తీసుకుని లోపలికి వెళ్లేదాకా ఆయన వరండాలోనే నిలబడ్డారు.