ముందు ముద్ద

జొన్నగట్క ఉడికిందో లేదో చూద్దామని తెడ్డు ఎత్తబోతే హనుమమ్మ చెయ్యి లేవలేదు. చంకలో, పాత చీరముక్కతో నడుముకు కట్టుకున్న ఆరేళ్ల కూతురు అండాలు. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్లకు కాళ్లు రావు, మెడ నిలవదు, మాట లేదు. కాసేపు కింద పడుకోబెడితే దగ్గు ముంచుకొస్తుంది. అందుకని వంట, వాకిలి, నీళ్లు అన్నీ హనుమమ్మకు ఒంటిచేతి పనులే.

ఆ ఇంట్లో ముందు మగవాళ్లు తినాలి, తర్వాత పిల్ల, ఆ తర్వాత అత్త, ఆఖరున కోడలు. అండాలుకు ముద్ద నలిపి, పలచన చేసి, గొంతు నిమురుతూ మింగించేసరికి పొద్దు వాలుతుంది. అడుగంటింది మిగిలితే తిన్నట్టు, లేకుంటే నీళ్లు తాగి పడుకున్నట్టు. పిల్ల తిన్నదంటే తల్లి తిన్నట్టేనని అత్త గోపమ్మ అంటుంది. ఆమె మాత్రం ఒకప్పుడు కోడలు కాదా, ఆకలి ఎరగదా!

భర్త దశరథం సంఘంలో కలిశాక దళం వాళ్లకూ ఆ పొయ్యి మీదే వంట. దొరకు ఇక వెట్టి చేసేది లేదని అతను కట్టంగూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి చెబుతుంటే హనుమమ్మకు నిజంగానే గర్వంగా ఉండేది. ఇంటికొచ్చి ఆ ముచ్చట్లు చెప్పడం అయ్యాక, నీళ్లకని ఖాళీ చెంబు ఆమెవైపు చాచేవాడు. చంకలో పిల్లతోనే ఆమె లేచేది.

మొన్న రజాకార్లు ఊరి మీద పడ్డారు. అందరితో పాటు హనుమమ్మ కూడా పిల్లను భుజాన వేసుకుని జొన్నచేలలోకి ఉరికింది. సగం దారిలో కళ్లకు చీకట్లు కమ్మి పడిపోయింది. అండాలు ముఖం మట్టిలో కూరుకుంది. తల తిప్పుకునే శక్తి ఆ పిల్లకు లేదు, పాకి వెళ్లి తిప్పే సత్తువ తల్లికి లేదు. వెనక తుపాకుల మోత. ఎట్లా చేరుకుందో, ఆ ముఖం ఎట్లా పక్కకు తిప్పిందో ఇప్పటికీ ఆమెకు గుర్తు లేదు. ఇంటికొచ్చాక అత్త, పిల్ల బరువైందన్నది. బరువు పిల్లది కాదు, ముందురోజు నుంచీ తన కడుపులో ఏమీ లేదు. అప్పటి నుంచి హనుమమ్మకు రజాకార్ల కన్నా తన ఒంటిని చూస్తేనే ఎక్కువ భయం.

ఇవాళ పొద్దుగూకే వేళ దశరథం ఇద్దరు దళం వాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. ముగ్గురూ కాళ్లు కడుక్కుని వరసగా కూర్చున్నారు. హనుమమ్మ గట్క దించి, మొదటి గిన్నె తనకే పెట్టుకుని, పచ్చిపులుసు పోసుకుని వాళ్లెదుటే చతికిలబడింది.

గోపమ్మ బుగ్గలు నొక్కుకున్నది. "మగోళ్లు ఇంక ముట్టనే లేదు. గిదేం పద్ధతే?"

"మల్ల ఉరకాల్సొస్తే పిల్లనెత్తుకునేది నేనే గద అత్తా. కడుపుల ముద్ద లేకుంటే యాడ ఉరుకుత? ఇగ రోజూ ముందుగాల నేనే తింట." చీరముక్క ముడి విప్పి మొగుడివైపు తిరిగింది. "నేను తినేదాంక బిడ్డను నువ్వు పట్టుకో."

దళం వాళ్లు తలలు దించుకున్నారు. దశరథం లేచి వచ్చి చేతులు చాచాడు. తుపాకి పట్టడం నేర్చిన చేతులే, బిడ్డను పట్టడం మాత్రం రాలేదు. అండాలు తల వెనక్కి వాలిపోయింది. హనుమమ్మ ఒళ్లు దానంతటదే లేవబోయింది. ఆమె లేవనివ్వలేదు.

"మెడకింద చెయ్యి పెట్టు" అని చెప్పి, ఇంకో ముద్ద కలుపుకుంది.