లాకప్పు గోడ మీద గణేష్

పొద్దున్నే పాలు పిండి, చౌడేపల్లె డెయిరీలో పోసి, బయ్యమ్మ పుంగనూరు బస్సెక్కేది. దారిలో పోలీసు స్టేషన్ ముందర దిగేది. ఆ స్టేషన్ పేరు ఆమె నోట ఎన్నడూ పలికేది కాదు.

లాకప్పు గోడ మీద ఆమె కొడుకు గణేష్ నీడ ఉండేది. బోరు మోటారు దొంగిలించినాడని పోలీసులు పట్టుకపోయిన మర్నాడే అతని శవం బావిలో తేలింది. వాణ్ణి మేము స్టేషన్‌కు తేనేలేదన్నారు వాళ్లు. మనిషిని పూడ్చిపెట్టినా నీడ ఆ గోడకే ఉండిపోయింది, మోకాళ్లు ముడుచుకుని, కుడిచెయ్యి మోచేతి కాడ వెనక్కి తిరిగి. కానిస్టేబుల్ కుప్పుస్వామి దాని కాళ్లకు చీపురు తగలకుండా ఊడ్చేవాడు. బయ్యమ్మ కిటికీ ఊచల్లోంచి, "ఎర్రావు ఈనింది నాయనా," అని ఇంటి సంగతులు చెప్పి వచ్చేసేది.

తొంభై ఎనిమిది ఉగాది ముందర స్టేషన్ వసారాలో సున్నం బస్తాలు దిగినాయి. బయ్యమ్మ అట్లే మదనపల్లె పోయి వకీలు జెమీమా ముందర కూర్చుంది.

"పోలీసుల మీద దావా వేయాలంటే ముందు సర్కారుకు నోటీసిచ్చి ఆగల్లమ్మా. అంతలోపల సున్నం కొట్టేస్తారు. గోడను చెరపగూడదని ముందే కోర్టు ఆర్డరు తెస్తాను."

"ఆర్డరు యాలమ్మా? నేను పిలిస్తే వాడు నా వెంట వచ్చేస్తాడు. ఇంటికి తోడుకొని పోతా."

జెమీమా పెన్ను కింద పెట్టింది. "తోడుకొని పోతే గోడ తెల్లగా మిగులుతాదమ్మా. వాళ్లకు కావల్సింది అదే."

ఆర్డరు వచ్చింది. గోడను ఎవరూ తాకగూడదు. ఉన్నది ఉన్నట్టు రాసుకొని రమ్మని కోర్టు శ్రీరాములు అనే వకీలును పంపింది. ఆయన వెంట బయ్యమ్మ, జెమీమా కూడా లోపలికి పోయినారు.

"ఇంకొన్నాళ్లు ఈడనే ఉండు నాయనా. నేనే చెప్తాండాను," అనింది బయ్యమ్మ. కొడుకును లాకప్పులో ఉండమన్న నోటిని కొంగుతో అదిమి పెట్టుకుంది.

నీడ తల ఎత్తింది. అమ్మ వైపు రెండు చేతులూ చాపబోయింది. ఎడమది లేచింది. కుడిది లేవలేదు.

"పాత నూనె మరక సార్," అన్నాడు ఎస్సై.

కుప్పుస్వామి చీపురు వదిలేసినాడు. "మరక కాదు సార్, గణేషే. వాళ్లు ఆ చెయ్యి తిప్పేటప్పుడు కదలకుండా భుజం పట్టుకున్నోణ్ణి నేనే. రాసుకోండి."

శ్రీరాములు రాసుకున్నాడు. సాయంత్రానికల్లా కుప్పుస్వామి ఒంటి మీద యూనిఫారం లేదు. కొన్నేళ్లకు దావా గెలిచింది కూడా ఆ మాట మీదనే.

ఆ రోజు మాత్రం బయ్యమ్మ కుప్పుస్వామి ముఖం చూడలేదు. "ఇంగ పిలుచుకోనామ్మా?" అని జెమీమాను అడిగింది.

"ఇంకా లేదమ్మా. కేసు తేలేదాకా ఇట్లే ఉండల్ల."

బయ్యమ్మ నీడ పక్కన నేల మీద చతికిలబడింది. కోర్టు తాకొద్దనింది గదా, వీపు గోడకు ఆనకుండా కూర్చుంది.