పేపరుకెక్కని గ్లోవ్

నేను ఒక బేస్‌బాల్ గ్లోవ్‌ను, ఎడమచేతిదాన్ని. నాకు కుళ్లు ఎక్కువ, ముందే చెప్పేస్తున్నాను.

జలంధర్‌లో తోలు కోసి నన్ను కుట్టారు. నిజామాబాద్‌లో ఒక పీఈటీ సారు కొని, స్కూటర్ డిక్కీలో పాత గుడ్డలతో పాటు పడేశాడు. ఆయన బదిలీ అయ్యాక గంగామణి చేతికొచ్చాను. ఆ పిల్ల నాకు కొబ్బరినూనె పట్టించి, మధ్యలో బంతి పెట్టి తాడుతో కట్టి, తలగడ కింద పెట్టుకుని పడుకునేది. అంత గారాబం చేస్తే ఎవరికైనా కళ్లు నెత్తికెక్కుతాయి.

గంగామణి జిల్లా జట్టులో ఔట్‌ఫీల్డర్. అంటే మైదానం చివర నిలబడి, ఎగిరొచ్చే బంతులు పట్టే ముగ్గురిలో ఒకతె. ముగ్గురూ సందుల్లో క్రికెట్ ఆడి పెరిగినవాళ్లే. బంతి కనబడగానే గ్లోవ్‌ను మరిచి ఒట్టి చెయ్యి చాపుతారు. బంతి కాస్తా జారిపోతుంది.

పేపరు విలేకరి విఠల్‌కూ క్రికెట్టే తెలుసు. హోమ్‌రన్‌ను సిక్సరని రాస్తాడు. మ్యాచ్ మొదలవకముందే వచ్చి, బ్యాటు ఎత్తి నిలబడ్డ మా జట్టు శ్రావ్యను ఫొటో తీసుకుని వెళ్లిపోతాడు. పేపర్లో బ్యాటు నిగనిగలాడేది. దాని కింద మా గురించి: ‘ఔట్‌ఫీల్డా? జల్లెడా?’ ఆ కట్టెముక్కను చూస్తే నా ఒళ్లు మండిపోయేది.

ఫైనల్‌కు ముందు కోచ్ భూమేశ్వర్ తేల్చి చెప్పేశాడు.

“ఇయ్యాల గూడ బంతి ఇడిసిపెట్టినవంటే, రేపటి సంది టీంల నీకు జాగ లేదు బిడ్డా. పేపరోళ్ల ముంగట నా ఇజ్జత్ పోతున్నది.”

గంగామణి నన్ను గుండెకు హత్తుకుంది. ఆమెకు జట్టు పోతుందని భయం, నాకు ఆమె చెయ్యి పోతుందని.

ఆ రోజు విఠల్ చివరిదాకా ఆగాడు. మ్యాచ్ అయ్యాక బిర్యానీ ఉంది మరి. ఆఖరి ఇన్నింగ్స్‌లో ఒక బంతి ఆకాశమెత్తు లేచి మా వైపు వచ్చింది. పట్టుకుంటే గెలుపు. గంగామణి వెనక్కి పరుగెత్తి, కింద పడిపోతూ, ఈసారి నన్నే చాపింది. బంతి దబ్బున నాకు తగిలింది. మణికట్టు దగ్గర పట్టీ తెగి నేను ఊడిపోయాను. పైకెగిరిన బంతిని నేలకు తగలకముందే ఆమె కుడిచేత్తో అందుకుంది. గెలిచాం.

మర్నాడు పేపర్లో పెద్ద ఫొటో. పైకెత్తిన కుడిచెయ్యి, అందులో బంతి. ‘ఒట్టి చేత్తో అద్భుత క్యాచ్!’ మరి ఆ బంతి ఊపు తగ్గించింది ఎవరు? ఆ ఊసే లేదు. ఇన్నాళ్లూ బ్యాటును చూసి ఏడ్చాను. ఇప్పుడు ఇంట్లోనే సవతి తయారైంది.

గంగామణి తల్లి లింగవ్వ పేపరును కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. ఫొటో మూలన గడ్డిలో పడివున్న నామీద వేలు పెట్టింది.

“గిదేందే, కింద పడ్డది? ఎవల్దో చెప్పు లెక్క ఉన్నది!”

చెప్పట! నా పరువు గంగలో కలిసింది.

నా పట్టీ కుట్టుకుంటున్న గంగామణి తలెత్తింది. ఆమె కుడి అరచెయ్యి వాచిపోయి ఉంది.

“చెప్పు గాదమ్మా. గది నా ఎడమ చెయ్యి.”

విఠల్ అక్కడ లేడు. ఉంటే మాత్రం, ఆ మాట రాసేవాడా?