పాపాయికి ఇష్టమైనది

ఆ గురువారం ఇంట్లో ఉన్నవాళ్ళు అయిదుగురు. వంటింట్లో బోర్లించిన కుండ ముందు కూర్చుని పూతరేకులు తీస్తున్న మహాలక్ష్మమ్మ. ఆవిడ పక్కన పీట వేసుకుని, రేకులకి నెయ్యి రాసి పంచదార పొడి జల్లి మడతలు పెడుతున్న చిన్నకూతురు వీరవేణి. ముందుగదిలో చాప మీద వీరవేణి కూతురు పాపాయి, అయిదేళ్ళ పిల్ల. పాపాయికి ఎదురుగా, రాజమండ్రి నుంచి బస్సులో వచ్చిన అశ్విని మేడం. ఆ రెండు గదులకీ మధ్య గుమ్మంలో మహాలక్ష్మమ్మ పెద్దకూతురి కూతురు నాగదుర్గ. వీరవేణి భర్త అప్పాజీ ట్రాక్టరు మీద ఇటుకలు తోలడానికి పొద్దున్నే వెళ్ళిపోయాడు కాబట్టి లెక్కలోకి రాడు.

పాపాయికి మాటలు రాలేదు. పిలిస్తే పలకదు, మనిషి కళ్ళలోకి చూడదు. ఆటిజం అని రాజమండ్రి డాక్టరుగారు చెప్పాక, అక్కడి ఒక సెంటరు వాళ్ళు వారానికి మూడు రోజులు అశ్వినిని పంపుతున్నారు. మేడం అనడమే గానీ ఆమెకి ఇరవై రెండేళ్ళు. ఆ పనిలో చేరి మూడు నెలలయింది.

అశ్విని రాకముందు పాపాయికి అన్నీ నాగదుర్గే. పాపాయి మణికట్టు దుర్గ పట్టుకుంటేనే గ్లాసు పైకి లేచేది. దుర్గ చెయ్యి వేస్తేనే ముద్ద నోటికి పోయేది. "మా పిల్లకి కన్నతల్లిని నేనైనా చెయ్యి మాత్రం దుర్గదే" అని వీరవేణి వీధంతా చెప్పేది. ఇంటర్ రెండేళ్ళూ చివరి బెంచీలో కూర్చుని, అటెండెన్సుకి కూడా సరిగ్గా గొంతు పెగలని నాగదుర్గకి ఈ లోకంలో ఉన్న పేరు అదొక్కటే. పడుకునే ముందు నోటుపుస్తకంలో రాసుకునేది: ఈ రోజు పాపాయి నా చెయ్యి వెతుక్కుంది.

ఇప్పుడు పాపాయి సోమ, మంగళ, గురువారాల్లో తొమ్మిదింటికల్లా వీధిగుమ్మం వైపు తిరిగి కూర్చుంటోంది. అశ్విని పసుపు చున్నీ కనబడగానే చేతులు ఆడిస్తోంది. నాగదుర్గ వచ్చినప్పుడు ఎప్పుడైనా అలా ఆడించిందా? పుస్తకం మొదటి నుంచీ తిరగేసింది. ఎక్కడా లేదు.

అశ్విని దగ్గర అట్టకి క్లిప్పుతో పెట్టిన కాగితం ఉంటుంది. గ్లాసు పాపాయి ముందు పెట్టి "తాగు" అంటుంది. తనంతట తను ఎత్తితే కాగితం మీద "సొ" అని రాస్తుంది, సొంతంగా అని. చెయ్యి పట్టించాల్సి వస్తే "సా", సాయంతో అని. ఎత్తిన వెంటనే, ఒక్క క్షణం ఆలస్యం లేకుండా, గోరంత పూతరేకు ముక్క నోట్లో పెడుతుంది. పాపాయికి పూతరేకంటే ప్రాణం మరి.

"ఇంట్లో ఇంత చేస్తున్నాం, ఒక్క పొట్లం తీసుకెళ్ళండమ్మా" అని మహాలక్ష్మమ్మ మొదటి రోజే ఇవ్వబోయింది.

"వద్దండి మామ్మగారూ. పిల్లల ఇళ్ళలో ఏదీ తీసుకోకూడదని మాకు రూలండి."

"పూతరేకులకి కూడా రూలా! పోనీ పక్కవీధి పెద్దిరాజు మనవడికీ మీరే చెబుతున్నారంట కదా? వాడికేమన్నా మాటలొచ్చాయా?"

"ఎవరింటికి వెళుతున్నామో, ఏ పిల్ల ఎలా ఉందో బయట చెప్పకూడదండి. మీ పాపాయి సంగతి నేనింకో ఇంట్లో చెబితే మీకు బాగుంటుందా?"

మహాలక్ష్మమ్మ మొహం ముడుచుకుంది గానీ, ఆ తరవాత ఇరుగుపొరుగుతో "పిల్ల గట్టిదే" అంది. అది విని నాగదుర్గకి ఒళ్ళు మండింది. తనని అమ్మమ్మ ఎప్పుడూ గట్టిదనలేదు. నోట్లో నాలుక లేనిదంది.

గ్లాసు పని మొదలుపెట్టిన వారం "సా"ల మధ్య "సొ"లు కనబడ్డాయి. మొదట ఒకటి, తరవాత మూడు. వీరవేణి కాగితం చూసి ఏడ్చినంత పని చేసింది. నాగదుర్గ కూడా చూసింది. ప్రతి "సొ" తన చేతి మీద కొట్టినట్టే ఉంది.

తరవాతి సోమవారం, అశ్విని రావడానికి అరగంట ముందు, నాగదుర్గ పాపాయిని బియ్యం డ్రమ్ము వెనక్కి తీసుకెళ్ళి నాలుగు పూతరేకులు తినిపించింది. మంగళవారం నాలుగు. ఈ రోజూ నాలుగు. పాపాయి నెయ్యి కారుతున్న గడ్డంతో తనని ఆనుకుని నిలబడి తింటుంటే, ఎన్నాళ్ళకో తన పిల్ల తనకి దొరికినట్టయింది.

కడుపు నిండిన పిల్ల గోరంత ముక్క కోసం గ్లాసెందుకు ఎత్తుతుంది?

"తాగు" అంది అశ్విని. పాపాయి తల తిప్పేసుకుంది. అశ్విని గ్లాసు వెనక్కి తీసి, మళ్ళీ పెట్టింది. పాపాయి మణికట్టు చాచి గుమ్మంలో ఉన్న నాగదుర్గ వైపు చూపించింది. దుర్గ గుండె పొంగింది. అశ్విని బలవంతం చెయ్యలేదు. వరసగా "సా", "సా" అని రాసి, మూడు రోజుల కాగితాలూ వీరవేణికి చూపించింది.

వీరవేణి నెయ్యి చేతులతోనే వచ్చి కూలబడింది. "ఒక్కటీ లేదా? అయితే దీనికింక రాదా మేడంగారూ? ఉన్నవాటిలో ఒకట్రెండు మార్చి రాయండి, ఆయన చూస్తే మాన్పించేస్తారు."

"లేనిది ఎలా రాస్తానండి? తప్పు కాగితం మీద నమ్మకం పెట్టుకుని రేపు పాపాయి మీద ఇంకో పని పెడతాం. నష్టపోయేది తనే." అశ్విని సరిగ్గా ఉన్న కాగితాల అంచులే మళ్ళీ సరిచేసింది. తనకీ భయంగానే ఉన్నట్టుంది. "రాకపోవడం పిల్ల తప్పు కాదండి. నేను చేసేదాంట్లో ఎక్కడో తేడా ఉంది. పోయిన వారానికీ ఈ వారానికీ ఏం మారింది? ముందేమైనా పెడుతున్నారా?"

"తొమ్మిదింటి దాకా చద్దన్నం తప్ప ఏమీ పెట్టట్లేదండి" అంది వీరవేణి.

వంటింట్లోంచి మహాలక్ష్మమ్మ తొంగిచూసింది. "అందుకేనా! రోజూ నాలుగు తక్కువొస్తున్నాయి. ఎలకలు మడతలు విప్పకుండా తింటున్నాయా అనుకున్నాను. ఏమే దుర్గా, పాపాయి గౌను మీద ఆ పొడేంటే?"

పాపాయి గౌను మీద పంచదార పొడి తెల్లగా మెరుస్తోంది.

"నువ్వా?" అంది వీరవేణి. "దుర్గా, నువ్వేనా?"

తిడితే బాగుండునని నాగదుర్గకి అనిపించింది. అశ్విని తిట్టలేదు. పెన్ను తీసింది. "ఎన్ని పెట్టావు దుర్గా? ఎన్ని గంటలకి?"

"నాలుగు. ఎనిమిదిన్నరకి. మూడు రోజులూ."

అశ్విని అదే రాసింది: సెషన్‌కి అరగంట ముందు నాలుగు పూతరేకులు, మూడు రోజులు. ఎవరు పెట్టారో రాయలేదు. నాగదుర్గకి అది తిట్టుకంటే గట్టిగా తగిలింది. తన ఏడుపంతా కలిపి ఆ కాగితం మీద ఒక్క లైను. అందులో తన పేరు కూడా లేదు.

"పిల్లకి నేనంటే ఇష్టం లేకుండా చెయ్యాలనా?" అని వీరవేణికి వినబడకుండా అడిగింది అశ్విని.

"మీరు రాకముందు నా చెయ్యి అడిగేది."

"ఇప్పుడూ అడుగుతోంది. చూశాను. కానీ నువ్వు డిగ్రీ కాలేజీకి పోతే? పెళ్ళయి పోతే? అప్పుడు దాహమేస్తే పాపాయి ఎవరి చెయ్యి కోసం చూడాలి?"

నాగదుర్గ గుమ్మం చెక్కని గోటితో గీకింది. ఆ మాట నిజం కావడం ఇంకా మంట.

"ఈ రోజుకి పూతరేకు పనిచెయ్యదు" అంది అశ్విని. "నాకు తనతో మూడు నెలలే, నీకు అయిదేళ్ళు. తిండి కాకుండా తనకి బాగా ఇష్టమైంది ఏదైనా ఉందా?"

ఉంది. నాగదుర్గ నోటుపుస్తకంలో తప్ప ఎక్కడా లేనిది. పాపాయికి తలుపు వెయ్యడం ఇష్టం. దభీమని వేసి, ఆ చప్పుడుకి కళ్ళు మూసుకుని నవ్వుతుంది. రెండేళ్ళ కిందట నాగదుర్గ ఒక్కత్తే చూసింది. గాలికి రేకులు చిరిగిపోతాయని అమ్మమ్మ ఈ ఇంట్లో తలుపుల జోలికి ఎవరినీ రానివ్వదు కాబట్టి, అమ్మమ్మ సంతకి వెళ్ళిన రోజున ఇద్దరూ దొంగచాటుగా వేసుకునేవారు. అది ఇద్దరి ఆట. అదొక్కటీ ఇచ్చేస్తే ఇంక తన దగ్గర మిగిలేదేముంది?

తెలీదండి అనడానికి నోరు తెరిచింది. అంతలో పాపాయి నాలుకతో పెదాలు తడుపుకోవడం కనబడింది. నాలుగు పూతరేకులు తిన్న పిల్లకి దాహం. గ్లాసు ఎదురుగానే ఉంది. పాపాయి మణికట్టు చాచుకుని, ఎవరైనా పట్టుకుంటారేమోనని కూర్చుంది.

"తలుపు" అంది నాగదుర్గ. "తలుపు వెయ్యడం ఇష్టం. వేసుకోనిస్తే నవ్వుతుంది."

"నా రేకులో!" అని అరిచింది మహాలక్ష్మమ్మ.

"తడిబట్ట కప్పుకో అమ్మా, ఒక్క పూటకి చస్తాయా నీ రేకులు!" అంది వీరవేణి.

అశ్విని లేచి రెండు గదుల మధ్య గుమ్మం తలుపు చూసింది. వేళ్ళు నలిగే సందు ఎక్కడుందో తడిమి, పాపాయి చేతులు ఎక్కడ పెట్టాలో చెక్క మీద ఒక ఎర్ర స్టిక్కరు అంటించింది. తరవాత నాగదుర్గ వైపు తిరిగింది. ఏదో చెప్పడానికి ఇబ్బంది పడింది.

"నువ్వు కనబడుతుంటే చెయ్యి చాస్తుంది దుర్గా. కొంచెం గుమ్మం అవతల నిలబడతావా?"

నాగదుర్గ గుమ్మం దాటి వంటింటి వైపు నిలబడింది. వారగా చూస్తే పాపాయి కనబడుతోంది.

"తాగు" అంది అశ్విని.

పాపాయి మణికట్టు చాచింది. గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరు. చెయ్యి గాల్లో అలాగే ఉంది. నాగదుర్గ వేళ్ళు వాటంతటవే మడుచుకున్నాయి, అక్కడి నుంచే పట్టుకుంటున్నట్టు. ఒక్క అడుగు వేస్తే చాలు. వీరవేణి నోట్లో కొంగు కుక్కుకుంది. అశ్విని కదల్లేదు.

పాపాయి చెయ్యి కిందికి దిగింది. గ్లాసు చుట్టూ వేళ్ళు వేసింది. ఎత్తింది. సగం గౌను మీద ఒలికింది, సగం గటగటా తాగింది.

"తలుపు!" అంది అశ్విని వెంటనే. "వెయ్యి పాపాయీ, వెయ్యి!"

తడిగౌనుతో పాపాయి పరిగెత్తుకొచ్చింది. ఎర్ర స్టిక్కరు మీద రెండు అరచేతులూ ఆనించి, తల ఎత్తి, అవతల నిలబడి ఉన్న నాగదుర్గ కళ్ళలోకి సూటిగా చూసింది. పుస్తకంలో రాసుకోవలసిన చూపు. దుర్గ వంగి చెయ్యి చాచబోయింది. పాపాయి అప్పటికే నవ్వుతోంది, కళ్ళు మూసుకుంటోంది. రెండు చేతులతో బలమంతా పెట్టి నెట్టి, ఆమె మొహం మీదే దభీమని తలుపు వేసేసింది.