మలాం బాబులు

జూన్ పద్దెనిమిది. మధ్యాహ్నం అందరూ రొట్టె, ఉల్లిపాయ తిని లేచారు. గంట కొట్టిన కాసేపటికే లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిరి రోలరు చిన్నమ్మి వేళ్ళు లోపలికి లాక్కుంది. దానికి అడ్డుకమ్మి లేదు. పనివాళ్ళు ఏడాదిగా యజమానిని అడుగుతున్నారు.

చెల్లెలు చిన్నమ్మిని ఆసుపత్రిలో పడుకోబెట్టి పెద్దక్క పనికి తిరిగొచ్చింది. ఇక ఆ రోలరు దగ్గర నిలబడాల్సింది ఆమే.

మర్నాడు మలాం బాబులు వచ్చారు. ఆ పేరు లాండ్రీవాళ్ళు పెట్టిందే. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కాలిన చేతికి మలాం తెస్తారు, కాల్చిన యంత్రం జోలికి పోరు. యజమాని గుండె నిద్రపోతోందని, తట్టి లేపితే చాలని నమ్ముతారు. పనివాళ్ళలో ఎవరైనా మరీ మెత్తబడితే, "ఏరా, నువ్వూ మలాం బాబువయ్యావా?" అని ఎగతాళి చేసేవారు.

వాళ్ళలో పెద్దావిడ, రిటైరైన టీచరమ్మ, కాగితం తీసింది.

"పేర్లు చెప్పండి, అర్జీ రాస్తాను. మీ యజమాని చదువుకున్న మనిషి, నాకు మాటిచ్చాడు."

పెద్దక్క తన పేరు చెప్పలేదు. ముగ్గురు చెప్పారు. వారం తిరక్కుండా ఆ ముగ్గురికీ పని పోయింది.

టీచరమ్మ మళ్ళీ వచ్చింది, కళ్ళు వాచి. "అర్జీ నవ్వుతూనే తీసుకున్నాడమ్మా."

"నవ్వడా మరి? అడిగిందెవరో వెతుక్కునే పని తప్పించారు," అన్నాడు ఆవిరి కాచే బాయిలరు మామ.

పెద్దక్క బకెట్టును కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసింది. మధ్యలో రాసింది: అడ్డుకమ్మి వెయ్యాలి, ముగ్గుర్నీ తిరిగి పనిలోకి తీసుకోవాలి, అందాకా రోలరు తిరగదు.

"గీత వెంబడి పెట్టండి సంతకాలు. మొదలెవరో వాణ్ణే వెతుక్కోనీ."

"నేనూ పెట్టనా?" అంది టీచరమ్మ.

 పెద్దక్క కాస్త పక్కకు జరిగింది. "పెట్టండమ్మా. మీ మనసు మంచిదే, మా భయమూ అదే. కాగితం మాత్రం మా దగ్గరే ఉంటుంది."

మర్నాడు అందరూ కలిసి ఇచ్చిన ఆ కాగితాన్ని యజమాని నాలుగు వైపులా తిప్పాడు.

"ఎవరు మొదలెట్టింది?"

సంతకం పెట్టిన ముప్పై ఒక్కమందీ చేతిలో పని కింద పెట్టారు. బాయిలరు మామ మంట తగ్గించాడు.

"ఆరింటికల్లా బయటికి పోవాలి. లేకపోతే పోలీసులొస్తారు," అన్నాడు యజమాని.

ఆరయింది. ఎవరూ కదల్లేదు. టీచరమ్మ కూడా దుప్పట్ల మూటకు ఆనుకుని అప్పుడే కునుకు తీస్తోంది. ఆమె నిద్ర చెడకుండా పెద్దక్క లాండ్రీ తలుపును, లోపలి నుంచి, మెల్లగా మూసి గడియ వేసింది.