వంగని చెయ్యి

"కాలు తీసేస్తారా!" మంచం మీంచే గావుకేక పెట్టింది అత్తగారు. "అయ్యో, అది కుంటిదైతే నన్ను బాత్రూముకి ఎవరు తీసుకెళ్తార్రా నాయనా?"

డాక్టరమ్మ కోడలి చేతికి కీలు తీసేసి ఎముకలు అతికించవచ్చు అన్నదని కొడుకు చెప్పబోయాడు. ఆవిడ చెవిలో కీలు కాస్తా కాలైంది. కోడలి నొప్పి గురించి ఆ ఇంట్లో ఒకరు అంత గట్టిగా ఏడవడం అదే మొదలు. అదీ పొరపాటున.

మణికట్టు అని పేరేగానీ ఆమె చేతికి మణులెప్పుడూ లేవు, ఉన్నవన్నీ కట్లే. గుజ్జు అరిగి ఎముకా ఎముకా రాసుకుంటున్న ఆ కుడి చేత్తోనే దుప్పట్లు పిండింది, మూకుళ్లు తోమింది, అత్తగారి చంకల కింద చేతులేసి లేపింది. "పని చేస్తే తగ్గుతుంది, కూర్చుంటే పట్టేస్తుంది" అని అత్తగారి వైద్యం. "నీ చెయ్యి పడిపోతే మా నోట్లో మట్టే" అని భర్తగారి హాస్యం. ఆమె నవ్వేది. తల దువ్వుకోలేక జుట్టు సగానికి కత్తిరించుకున్న రోజూ నవ్వింది. తర్వాత కొళాయి హోరులో, నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చింది. ఆ చెయ్యి నరికేసుకుందామనుకుంది. ఎడమ చేతికి కత్తి అలవాటు లేదని ఆగింది.

డాక్టరమ్మ రెండు దార్లు చెప్పింది. కొన్ని ఎముకలు తీసేస్తే మణికట్టు కాస్త వంగుతుంది, నొప్పి పూర్తిగా పోతుందన్న హామీ లేదు. రేకు పెట్టి, మరలు బిగించి, ఎముకలన్నీ ఒకటి చేస్తే నొప్పి దాదాపు పోతుంది, మణికట్టు ఇంకెప్పుడూ వంగదు, వేళ్లు మాత్రం ఆడతాయి. "వంగని చేత్తో ఎలా ఉంటుందో ముందు చూసుకోమ్మా" అని పిండికట్టు వేసి పంపింది.

ఇంటికొచ్చేసరికి ఆ పరీక్ష భర్త చేతికి పోయింది. "ఏదీ, ఈ దుప్పటి పిండు చూద్దాం." పిండికట్టు చెయ్యి పిండలేదు. "ఫెయిల్" అన్నాడు. అత్తగారిని లేపలేకపోయింది. "ఇదీ ఫెయిల్." తానే లేపి, నడుం పట్టుకుని మూలిగాడు. "అమ్మ ఇంత బరువేమిటే!"

ఇన్నేళ్లూ అంతే బరువు, అనుకుందామె.

తను పనిచేసే కుట్టు దుకాణంలో మాత్రం కట్టుతోనే గౌను అంచు కుట్టింది. సూది నడిచింది. నొప్పి ఎప్పుడొచ్చి పడుతుందోనని సాయంత్రం దాకా బిక్కుబిక్కుమంటూ కాచుకుంది. రాలేదు. నొప్పి లేకపోతే ఇలా ఉంటుందా అని, గౌను మీద కన్నీళ్లు పడకుండా పక్కకి తిరిగింది.

మళ్లీ ఆసుపత్రికి వెళ్లగానే భర్త అందుకున్నాడు. "లాభం లేదు డాక్టర్ గారూ. ఒక్క పనీ కావట్లేదు. కాస్త వంగేదే చెయ్యండి."

"నొప్పి సంగతేమిటి?"

అతను భార్య వైపు చూశాడు. ఆ సంగతి అతనికి తెలీదు. అడిగితే కదా!

"రాలేదమ్మా." ఆమే చెప్పింది. "వంగనిదే చెయ్యండి. మళ్లీ ఆ నొప్పిలోకి పంపకండి నన్ను."

ఇంటికొచ్చేసరికి అత్తగారు ఇంకా ఆ కాలి గురించే శోకాలు పెడుతోంది. కోడలు మంచం పక్కన నిలబడి, గుమ్మంలో ఉన్న భర్తకీ వినిపించేలా గొంతెత్తింది.

"కాలు కాదత్తయ్యా, కీలు! చేతి కీలు. ఇకమీదట అది వంగదు, దుప్పట్లు పిండదు. మిమ్మల్ని మీ అబ్బాయి లేపుతారు. కాళ్లంటారా, రెండూ బాగానే ఉన్నాయి. మీరు కాదంటే అవి ఈ గడప దాటగలవు."